అడగండి, అదొక్కటీ తప్ప

ఇంటర్వ్యూ అంటే వన్ వే కాదు, టూ వే అని ఈ మధ్య కెరీర్ కౌన్సెలర్లందరూ కూడబలుక్కున్నట్టు చెబుతున్నారు. కంపెనీ మనల్ని పరీక్షించినట్టే మనమూ కంపెనీని పరీక్షించాలట. అందుకే చివర్లో మనకో అవకాశం ఇస్తారట. దాన్ని మంచి ప్రశ్నలతో సద్వినియోగం చేసుకోవాలట. సాయంత్రం ఆరున్నరకి మాదాపూర్‌లో టూ వే రోడ్డు ఎలా ఉంటుందో చూసినవాడెవడూ ఈ మాట అనడు. రోడ్డు రెండు వైపులా ఉన్నమాట నిజమే. కదిలేది ఒక వైపే.

ముందు జరిగే తంతు చూద్దాం. నలభై నిమిషాల పాటు అభ్యర్థిని ఉతికి ఆరేస్తారు. హ్యాష్‌మ్యాప్ లోపల ఏం జరుగుతుంది, డెడ్‌లాక్ అంటే ఏంటి, ఇంటర్‌లో మార్కులు తగ్గాయేం, బీటెక్ అయ్యాక ఏడాది గ్యాప్ ఎందుకొచ్చింది, నాన్నగారేం చేస్తారు, చెన్నై వేస్తే వెళ్తావా, నైట్ షిఫ్ట్ అంటే ఇంట్లో ఒప్పుకుంటారా. ఆ తర్వాత ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి గడియారం వైపు ఓసారి, తలుపు వైపు ఓసారి చూసి, ల్యాప్‌టాప్ మూత సగం వాల్చి, అప్పుడు అడుగుతాడు: "మమ్మల్నేమైనా అడగాలనుకుంటున్నారా?" మూత పూర్తిగా పడటానికి ఇంకో అర నిమిషం ఉంది. మన ప్రజాస్వామ్యమంతా ఆ అర నిమిషంలో వికసించాలి.

"ఏం లేవు సార్" అంటే ఆసక్తి లేదని రాసుకుంటారు. మనసులో ఉన్నది అడిగితే ఆశపోతని రాసుకుంటారు. కాబట్టి మనసులో లేనిది, అడిగినట్టు మాత్రం కనిపించేది ఏదో ఒకటి కావాలి. దాని పేరే మంచి ప్రశ్న.

ఈ సరుకుకి ఇప్పుడు గిరాకీ బాగా ఉంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, టెస్టింగ్, డెవాప్స్ నేర్పే చోటే దీన్నీ నేర్పుతున్నారు. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ నోట్సులో కోర్ జావా అయిపోయాక, ఎస్‌క్యూఎల్ మొదలయ్యే ముందు, రెండు పేజీలు వీటికే. మాక్ ఇంటర్వ్యూలో ట్రైనరు మేనేజరు వేషం కట్టి బల్లకి అటువైపు కూర్చుంటాడు. ఇటువైపు నల్గొండ నుంచో నరసరావుపేట నుంచో వచ్చిన కుర్రాడు, ఇస్త్రీ మడత ఇంకా విడని చొక్కాతో. "ఎనీ క్వశ్చన్స్?" అనగానే వాడు కుర్చీలోంచి సగం లేచి, "సార్, జీతం ఏ తారీకున పడుతుంది సార్?" అంటాడు. గదంతా గొల్లుమంటుంది. ట్రైనరు నుదురు కొట్టుకుంటాడు.

"ఒరేయ్, నీకు ఉద్యోగం కావాలా, జీతం కావాలా?"

రెండూ ఒకటేనని ఆ కుర్రాడి భ్రమ. ఐదో తారీకు దాటితే హాస్టల్ ఓనరు ఊరుకోడు. పదో తారీకున ఎడ్యుకేషన్ లోను కిస్తీ. వాడు అడిగినదానికన్నా బాధ్యత గల ప్రశ్న ఆ పూట ఆ గదిలో ఇంకెవరూ అడగలేదు. అయినా వాడి చేత అది మాన్పించి, దాని బదులు "ఈ రోల్‌లో సక్సెస్ అంటే మీ దృష్టిలో ఏంటి సార్?" అని బట్టీ పట్టించి హైటెక్ సిటీకి తోలేస్తారు. నాగోలు నుంచి రాయదుర్గం పోయే మెట్రోలో పొద్దున్నే పెదాలు కదుపుతూ నిలబడ్డ కుర్రాళ్లు కనిపిస్తే హనుమాన్ చాలీసా అనుకోకండి. ఇదే.

మంచి ప్రశ్నల్ని కాస్త దగ్గర పెట్టుకుని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటికి ఏ జవాబు వచ్చినా అభ్యర్థి మనసు మారే ప్రసక్తే లేదు. "మీ కంపెనీలో మీకు బాగా నచ్చేదేంటి మేడమ్?" అని హెచ్ఆర్ అమ్మాయిని అడగమంటారు. పక్కన ఆవిడ మేనేజరు కూర్చుని ఉండగా ఆవిడేం చెబుతుంది? "పీపుల్" అంటుంది. అందరూ అదే అంటారు. ఆ పీపుల్‌లో ఎంతమంది ఈ నెల పేపర్లు పెట్టారో, ఆ లెక్కలో తనూ ఉందో లేదో ఆవిడకే తెలుసు. ఇంకొంచెం ఉత్సాహం ఉంటే "మాదొక ఫ్యామిలీ అండీ" అని కూడా అంటుంది. నేనెరిగిన ఏ ఫ్యామిలీలోనూ శుక్రవారం మధ్యాహ్నం పిల్లాణ్ని మీటింగ్ రూములోకి పిలిచి, ఐడీ కార్డు బల్ల మీద పెట్టేసి వెళ్లమనలేదు.

"మొదటి 90 రోజుల్లో నా నుంచి ఏం ఆశిస్తారు?" అన్నది ఇంకో మేలురకం. ఇది అడిగితే ఎదుటివాళ్ల మొహం వెలిగిపోతుందని కోచింగ్‌వాళ్ల హామీ. చివరి 90 రోజుల గురించి అడిగి చూడండి, అదే మొహం మాడిపోతుంది. మన ఐటీలో చాలాచోట్ల నోటీసు పీరియడ్ 90 రోజులు. రాజీనామా ఇచ్చాక మూడు నెలలు ఉండి తీరాలి, లేదా డబ్బు కట్టాలి. ఆ డబ్బు తీసుకుని వదలాలా వద్దా అన్నది కూడా మేనేజరు ఇష్టం. అదే కంపెనీ ప్రకటనలో పెద్దక్షరాలతో "ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ" అని ఉంటుంది. అంటే పక్క కంపెనీవాడు తన మనిషిని నిన్ననే వదిలెయ్యాలి, వీళ్లు మాత్రం తమ మనిషిని సంక్రాంతి దాకా పట్టుకుంటారు. ఈ రెండు వాక్యాలూ ఒకే హెచ్ఆర్ డిపార్టుమెంటు ఎలా రాయగలిగిందని అడగటం అచ్చమైన చెడ్డ ప్రశ్న.

ఇక మహారాణి లాంటిది ఒకటుంది. "రాబోయే ఐదేళ్లలో కంపెనీ ఏ స్థాయిలో ఉంటుందనుకుంటున్నారు?" మన హైదరాబాద్‌లో దీనికి ఐదేళ్లకి ఐదేళ్లు సరిపోయిన లెక్క ఒకటుంది. 2008లో సత్యం కంప్యూటర్స్ ఇంటర్వ్యూకి వెళ్లిన కుర్రాడు ఇదే అడిగాడనుకుందాం. అడిగే ఉంటారు, అప్పుడూ బుద్ధిమంతులున్నారు. "ఇప్పటికే యాభై వేల మందిమి, ఇంకా పెరుగుతాం" అన్నట్టు ఏదో జవాబు వచ్చి ఉంటుంది. సరైన జవాబు వేరు: 2013 జూన్ కల్లా టెక్ మహీంద్రాలో కలిసిపోయి, ఆ కంపెనీ అన్నదే విడిగా ఉండదు.

2008 సెప్టెంబరులోనే సత్యానికి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. మూడు నెలలు తిరక్కుండా, డిసెంబరు 16న, బోర్డు కూర్చుని మేటాస్ పేరున్న రెండు కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొనడానికి సరేనంది. ఆ రెండూ ఛైర్మన్ కుటుంబానివే. బోర్డులో దేశవిదేశాల్లో పేరుమోసిన ప్రొఫెసర్లున్నారు, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసి వచ్చినాయన ఉన్నారు. ప్రశ్నలు అడగటమే వాళ్ల ఉద్యోగం. అందుకే వాళ్లకి కుర్చీలు, ఫీజులు. అయినా తీర్మానం గట్టెక్కింది. షేర్‌హోల్డర్లు గగ్గోలు పెట్టాక కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాసి చెప్పారు: పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని. ఏటేటా ఆడిటర్లు సంతకాలు పెట్టిన లెక్కలవి.

ఇంతమంది ఉద్ధండులు నిలదీసి అడగని ప్రశ్న ఏమిటి? "బ్యాంకులో డబ్బులున్నాయా?" ఇది కోచింగ్ నోట్సులో ఉండదు. ఆ రోజుల్లో ఏ ఫ్రెషరైనా ఇంటర్వ్యూలో దీన్ని అడిగి ఉంటే, మర్యాద తెలియని పిల్లాడని ఫైలు మూసేసి, సాయంత్రం క్యాంటీన్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ అవార్డు ఇచ్చినవాళ్లతో సహా.

అటువైపు నుంచి వచ్చే ప్రశ్నలకి మాత్రం ఇలాంటి మొహమాటాలేవీ ఉండవు. మూడు నెలల పే స్లిప్పులు పంపండి. ఆ జీతం నిజంగా పడిందని బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపండి. ఫారం 16 పంపండి. యూఏఎన్ నంబరు ఇవ్వండి, ఎక్కడెక్కడ ఎన్నాళ్లు చేశారో పీఎఫ్ చరిత్ర చూసుకుంటాం. పాత కంపెనీ రిలీవింగ్ లెటరు, అంతకు ముందు కంపెనీది కూడా. ఆ తర్వాత వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి బైకు మీద ఒకబ్బాయి వచ్చి ఇంటి గేటు ఫోటో తీసుకుని, పక్కింటి పిన్నిగారిని "ఈ పేరుగలాయన ఇక్కడే ఉంటారా అండీ" అని అడిగి పోతాడు. ఆవిడ కంగారుపడి ఊళ్లో మీ అమ్మకి ఫోన్ చేస్తుంది. ఇంత ఆరా తీసినవాళ్లని మనం తిరిగి "ఈ పోస్టుకి ఎంత అనుకున్నారండీ?" అని అడిగితే, "మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?" అని ఎదురు ప్రశ్న. చెబితే ఎక్కువంటారు. చెప్పకపోతే "లాస్ట్ డ్రాన్ ఎంత?" దాని మీద ముప్ఫై శాతం కలిపి, ఇంతకన్నా పాలసీ ఒప్పుకోదంటారు. ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగకూడదని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2016లోనే చట్టం చేసింది, 2018 నుంచి అమల్లో ఉంది. అక్కడ చట్టవిరుద్ధం, ఇక్కడ ఫారంలో స్టార్ గుర్తు పెట్టిన తప్పనిసరి గడి.

సరే, చివరికి ఒక అంకె బయటికొచ్చిందనుకుందాం. ఆరు లక్షల సీటీసీ. ఇంట్లో అమ్మ వెంటనే పన్నెండుతో భాగిస్తుంది. నెలకి యాభై వేలు. పెదనాన్నకి, మేనత్తకి ఫోన్లు వెళ్లిపోతాయి. ఇప్పుడు కంపెనీ లెక్క చూడండి. బేసిక్ సగం, అంటే ఏడాదికి మూడు లక్షలు. కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ దాని మీద 12 శాతం, 36,000. అది మన జీతంలోనిదే. గ్రాట్యుటీ 4.81 శాతం, 14,430. ఐదేళ్లు ఉంటే గానీ చేతికి రాని డబ్బు అది. అయినా మొదటి రోజే మన ఖాతాలో రాస్తారు. వేరియబుల్ పే పది శాతం, 60,000. అది పడేది మన పని మీదా, కంపెనీ లాభం మీదా, మేనేజరు మూడ్ మీదా ఆధారపడి ఉంటుంది. మిగిలింది 4,89,570. పన్నెండుతో భాగించి, మన వంతు పీఎఫ్ మూడు వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండు వందలు తీసేస్తే చేతికొచ్చేది 37,600 దగ్గర. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా సీటీసీలో కలిపితే ఇంకా తగ్గుతుంది. కొన్నిచోట్ల క్యాబు, క్యాంటీను భోజనం కూడా కలుపుతారు. వాచ్‌మన్ సెల్యూట్ కలపడం ఇంకా మొదలుపెట్టలేదు.

యాభైకీ ముప్ఫై ఏడున్నరకీ మధ్య ఉన్న ఆ పన్నెండు వేల చిల్లర గురించి అడగటాన్నే ఇంటర్వ్యూలో అమర్యాద అంటారు. "చేతికెంత వస్తుంది సార్?" ఇంతే ప్రశ్న. కోచింగ్ గురువులు ఈ ఒక్కదాన్నీ ఎర్ర సిరాతో కొట్టేస్తారు. డబ్బు ప్రస్తావన తెస్తే ప్యాషన్ లేదనుకుంటారట. అంత ప్యాషన్ ఉన్న కంపెనీ ఏదైనా ఉంటే, క్లయింటుకి బిల్లు పంపకుండా ఒక్క నెల ఊరుకుని చూపించమనండి.

ప్రభుత్వ ఉద్యోగానికి పోయేవాళ్లకి ఈ బాధ లేదు. ఢిల్లీలో షాజహాన్ రోడ్డు మీద ధోల్‌పూర్ హౌస్‌లో సివిల్స్ ఇంటర్వ్యూ చేసే బోర్డు, చివర్లో కాళ్లు చాపుకుని "మా గురించి నీకేమైనా సందేహాలున్నాయా బాబూ?" అనదు. అనక్కర్లేదు. కొత్త ఐఏఎస్‌కి మూలవేతనం 56,100 అని దేశంలో పల్లీలమ్మే అతనికి కూడా తెలుసు. తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో 24,280 నుంచి 72,850 అని అచ్చేశారు. ప్రొబేషన్ ఎంత, పదవీ విరమణ ఎప్పుడు, అన్నీ జీవోల్లో ఉంటాయి. సర్కారువాళ్ల మీద మనకి ఎన్ని ఫిర్యాదులున్నా, ఈ ఒక్క విషయంలో వాళ్లు సిగ్గుపడరు. పారదర్శకత గురించి పవర్ పాయింట్లు చేసే గచ్చిబౌలి కంపెనీ ప్రకటనలో జీతం దగ్గర రాసేది మాత్రం "బెస్ట్ ఇన్ ఇండస్ట్రీ".

ఇందులో ఇంకో తమాషా ఉంది. మన కుర్రాడే హెచ్-1బీ మీద డాలస్ వెళ్లాడనుకోండి. అక్కడ కంపెనీ ఎల్‌సీఏ అనే దరఖాస్తు పెట్టాలి. అందులో ఉద్యోగం పేరు, ఊరు, ఇచ్చే జీతం ఉంటాయి. ఆ నోటీసు పనిచేసే చోట ఉంచాలి. అమెరికా కార్మిక శాఖ ఆ వివరాలన్నీ మనిషి పేరు లేకుండా అందరికీ అందుబాటులో పెడుతుంది. కొత్తపేటలో కూర్చుని కాబోయే మామగారు ఫోన్లో చూసుకోవచ్చు, చూసుకుంటున్నారు కూడా. కొలరాడోలో 2021 నుంచి, న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఇంత నుంచి ఇంత అని వెయ్యాలి. అదే బహుళజాతి సంస్థ అక్కడ వేస్తుంది. హైదరాబాద్ ఆఫీసుకి వచ్చేసరికి అది కాన్ఫిడెన్షియల్ అయిపోతుంది. విమానంలో ఎక్కడో, గల్ఫ్ మీదికి వచ్చేసరికి, సముద్రంలో పడిపోతుందేమో.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. వాళ్లని అటువైపు నుంచి అడిగేవి: పెళ్లెప్పుడు చేసుకుంటావమ్మా, అయ్యాక హైదరాబాద్‌లోనే ఉంటావా, అబ్బాయి అమెరికా అయితే? ఇవన్నీ కుశల ప్రశ్నలే. ఆ అమ్మాయి తిరిగి "మీ దగ్గర క్రెష్ ఉందా సార్?" అంటే మాత్రం గదిలో ఏసీ ఒక్కసారిగా పెరిగినట్టుంటుంది. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. యాభై మంది, అంతకు మించి పనిచేసేచోట క్రెష్ సౌకర్యం ఉండాలన్నారు. ఆ అమ్మాయి అడిగింది చట్టంలో ఉన్నదే. ఆ రోజు ఇంటర్వ్యూ ఫీడ్‌బ్యాక్‌లో మాత్రం "లాంగ్ టర్మ్ కమిట్‌మెంట్ డౌట్‌ఫుల్" అని పడుతుంది. పాతికేళ్ల అమ్మాయి తన బిడ్డకి ఐదేళ్లొచ్చేదాకా ఇక్కడే ఉండాలని లెక్కేసుకుంటోంది, అంతకన్నా లాంగ్ టర్మ్ ఏం కావాలో.

పని గంటల మాటా అంతే. "రోజుకి ఎన్ని గంటలు సార్?" అన్నవాడు గడియారం చూసుకునే రకమని ముద్ర. మరి గంటల గురించి ఈ దేశంలో అందరికన్నా గట్టిగా మాట్లాడింది ఎవరు? 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి వారానికి 70 అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ ఆ పాట మీద ఇరవై పెంచి 90కి కొట్టారు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారన్నారు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి 48 దాటితే ఓవర్ టైం ఇవ్వాలంది. ఛైర్మన్ చెప్పొచ్చు, సర్కారు చెప్పొచ్చు, టీవీలో అరగంట చర్చ పెట్టొచ్చు. ఆ గంటలు ఎవడు పని చెయ్యాలో వాడొక్కడే అడక్కూడదు.

హెచ్ఆర్‌లో పదిహేనేళ్లుగా ఉన్న నా స్నేహితురాలు ఈ వాదన విని కోప్పడింది. "నువ్వు మరీ అన్యాయంగా మాట్లాడుతున్నావ్. మంచి ప్రశ్న వేసినవాడు ఇంటి దగ్గర కాస్త చదువుకుని వచ్చాడని తెలుస్తుంది. మాకు అదే కావాలి" అంది. నిజమే, ఒప్పుకుంటాను. ప్రాజెక్టు గురించి, టీము గురించి, వాడే టెక్నాలజీ గురించి తెలిసి అడిగేవాడికీ, తెలియక అడిగేవాడికీ తేడా ఉంది. కానీ ఆవిడే మాటల్లో ఇంకోటి చెప్పింది. పన్నెండేళ్ల అనుభవం, చేతిలో ఇంకో రెండు ఆఫర్లు ఉన్నవాడు వచ్చి జీతం ఎంత, బోనస్ ఎప్పుడు, ఇంటి నుంచి పని ఎన్ని రోజులు, పాత మేనేజరు ఎందుకు మానేశాడు అని వరుసగా అడుగుతాడట. వాడి ఫీడ్‌బ్యాక్‌లో "కాన్ఫిడెంట్, క్లారిటీ ఉంది" అని రాస్తారట. అవే నాలుగు ముక్కలు ఫ్రెషర్ అడిగితే? "యాటిట్యూడ్" అంది ఆవిడ, నవ్వుతూ. కాబట్టి ఇది ప్రశ్నలో ఉన్న మంచీ చెడూ కాదు. జేబులో ఇంకో ఆఫరుందా లేదా అన్నదే. లేనివాడికి రెండు పేజీల నోట్సు ఇచ్చి, ఉన్నవాడిలా నటించమంటున్నాం.

మరి ఆ ఫ్రెషరు మర్యాదగా అడిగి, ఆఫర్ లెటరు అందుకుని, స్వీట్లు పంచాక ఏం జరుగుతుంది? 2023 ఫిబ్రవరిలో విప్రో, ఆరున్నర లక్షలకి ఎంపికై జాయినింగ్ కోసం ఎదురుచూస్తున్న పిల్లల్ని మూడున్నర లక్షలకి చేరతారా అని అడిగింది. ఇన్ఫోసిస్‌లో 2022లో ఆఫర్లు అందుకున్న కొందరికి పిలుపు రావడానికి రెండేళ్లు దాటింది. 2024 అక్టోబరులో మైసూరులో చేరారు. 2025 ఫిబ్రవరిలో మూడు వందల మందికి పైగా ట్రైనీల్ని పంపించేశారు. మూడు అవకాశాలిచ్చినా లోపలి పరీక్ష గట్టెక్కలేదని కంపెనీ మాట. రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టి నాలుగు నెలల్లో పరీక్ష పెట్టడం గురించి ఉద్యోగ సంఘం మాట వేరు. వాళ్లలో ఎంతమంది "మీ లెర్నింగ్ కల్చర్ గురించి చెప్పండి" అని అడిగి ఉంటారో. అందరికీ బ్రహ్మాండమైన జవాబే వచ్చి ఉంటుంది. "జాయినింగ్ ఏ సంవత్సరంలో సార్?" అని అడగాలని ఏ నోట్సులోనూ లేదు.

ఇదంతా చదివి ఇక నోరు మూసుకుని రావాలా అంటే, అక్కర్లేదు. అడగాల్సింది లోపల కాదు. వాకబు అనే విద్య మనవాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు. నేనెరిగిన కుర్రాడొకడు రాయదుర్గంలో ఇంటర్వ్యూకి గంట ముందే వెళ్లి, లోపల బుద్ధిగా "ఐదేళ్లలో" ప్రశ్న అడిగేసి, బయటికొచ్చి గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనతో మాట కలిపాడు.

"అన్నా, ఇక్కడ రాత్రి ఎన్నింటిదాకా ఉంటారు?"

"పొద్దుగాల తొమ్మిదికి లోపలికి పోతరు తమ్మీ. బయటికి ఎప్పుడొస్తరో నాకెర్క లేదు. నా డ్యూటీ ఎనిమిదింటికే అయిపోతది."

అక్కణ్నించి రోడ్డు దాటి చాయ్ బండి దగ్గరికి వెళ్లాడు. ఐడీ కార్డు చొక్కా జేబులోకి దోపుకుని ఒకడు ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుతున్నాడు. ఏ టీమో కనుక్కుని, వీడు అడగాల్సినవన్నీ అడిగాడు. జీతం నెలాఖరునే పడుతుందా? పడుతుంది, ఆ విషయంలో వంక పెట్టక్కర్లేదు. వేరియబుల్? పోయినేడాది అరవై శాతం ఇచ్చారు. నోటీసు తగ్గిస్తారా? క్లయింటు అడగనంతవరకూ తగ్గిస్తారు. మేనేజరు ఎలాంటివాడు? మనిషి మంచోడే, ఆదివారం ఫోన్ ఎత్తకపోతే చాలు, ఎత్తితే అలవాటు చేసుకుంటాడు. శని ఆదివారాలు? రిలీజ్ ఉన్న నెలలో మర్చిపో. చాయ్ అయ్యేలోపు మొత్తం తేలిపోయింది. బిస్కెట్ అయిపోయాక అతను ఒక్కటి అడిగాడు.

"ఇంతకీ నిన్ను ఏ ప్రాజెక్టుకి చూస్తున్నారు బ్రో?"

వీడు చెప్పాడు.

"ఓ, అయితే నా ప్లేస్‌కే. ఈ నెల పద్దెనిమిది నా లాస్ట్ డే. ఆ కుర్చీకి ఎడమ చెయ్యి ఊడిపోయింది, జాయినైన రోజే టికెట్ రెయిజ్ చెయ్. నేను చేసి ఎనిమిది నెలలైంది."